ఎర్రగుట్ట మాట ఎవరిది?

అనగనగా ఒక అడవిలో, ఏటి ఒడ్డున, ఒక బడి ఉండేదర్రా. అక్కడ పాఠాలు చెప్పేది ఎలుగుబంటి మేష్టారు. వానాకాలం ముంగిట ఆయన పిల్లలకొక పని పెట్టాడు. తాతల కాలంలో పెద్ద వరద వచ్చినప్పుడు అడవంతా ఏ గుట్ట ఎక్కి బతికిందో కనుక్కుని సభలో చెప్పాలి. ఈసారి వరదొస్తే అందరూ ఆ గుట్టకే పోతారు.

"ఏ మాట ఎవరు చెప్పారో, వాళ్లకెలా తెలుసో కూడా అడిగి రండి," అన్నాడు మేష్టారు.

దూది అనే కుందేలు పిల్లకు ఆటలంటే ప్రాణం. దారిలో కాకి ఆ సంగతి ఎత్తితే, ఎర్రగుట్టే అయ్యుంటుందిలే అని నోటికొచ్చింది చెప్పి, గెంతుకుంటూ పోయింది.

కొన్నాళ్లు హాయిగా ఆడుకుని అప్పుడు పనిలో పడింది. చిలకను అడిగితే ఎర్రగుట్ట అంది. నక్కను అడిగితే ఎర్రగుట్ట అంది. కోతి అయితే, ఆ మాత్రం తెలియదా అని వెక్కిరించి మరీ ఎర్రగుట్ట అంది. దూది మురిసిపోయింది. ముగ్గురిదీ ఒకటే మాట, పైగా తను ముందే అనుకున్న గుట్ట! తన తెలివికి తనకే ముచ్చటేసింది.

ఇక వాళ్లకెలా తెలుసో అడగాలి. కోతికి నక్క చెప్పిందట. నక్కకు చిలక చెప్పిందట. చిలకకు కాకి చెప్పిందట. దూది కాకి దగ్గరికి పరుగెత్తింది.

"నువ్వే కదే చెప్పావు, ఆ రోజు దారిలో," అంది కాకి.

దూది చెవులు వాలిపోయాయి. సభ మర్నాడే. ముగ్గురి పేర్లూ చెప్పేస్తే అందరూ మెచ్చుకుంటారు. కానీ వరదొస్తే అమ్మా చెల్లీ ఆ గుట్టే ఎక్కుతారు. అది తలచుకుంటేనే దానికి భయమేసింది.

వెంటనే దూరాన మడుగులో ఉండే తాబేలు అవ్వ దగ్గరికి పోయింది. ఆ వరదను కళ్లారా చూసింది అవ్వ ఒక్కతే.

"గుట్ట పేరు గుర్తులేదమ్మా. నిండా ఇప్పచెట్లు ఉండేవి. వాటి కిందే తలదాచుకున్నాం," అంది అవ్వ.

దూది ఎర్రగుట్ట ఎక్కి చూస్తే అక్కడ ఒక్క ఇప్పచెట్టూ లేదు. గుట్ట కొన దగ్గర మట్టి గీకితే ఏటి నత్తగుల్లలు బయటపడ్డాయి. అంటే నీళ్లు అంత పైకీ వచ్చాయన్నమాట. పక్కనున్న నల్లగుట్ట నిండా ముసలి ఇప్పచెట్లే. అక్కడ ఎంత తవ్వినా ఒక్క గుల్లా దొరకలేదు.

సభలో దూది లేచి నిలబడింది. "మనం ఎక్కాల్సింది నల్లగుట్ట. ఇప్పచెట్ల మాట తాబేలు అవ్వది. నత్తగుల్లలు నేను తవ్వి చూసినవి. ఎర్రగుట్ట మాట మాత్రం నాదే, ఊరికే ఊహించి అన్నాను," అంది. సభంతా పగలబడి నవ్వింది. కోతి తల గోక్కుంది. మేష్టారు దూదిని ఎత్తి భుజాన కూర్చోబెట్టుకున్నాడు.

ఆ ఏడు వరద రానే వచ్చింది. ఎర్రగుట్ట కొసదాకా మునిగింది. అడవంతా నల్లగుట్ట మీద, ఇప్పచెట్ల కింద, పాటలు పాడుకుంటూ కూర్చుంది. అంతలో కాకి వచ్చి, రేపటికి నీళ్లు తగ్గిపోతాయంది.

"ఎవరు చెప్పారు?" అని గుట్టంతా ఒక్కసారే అడిగింది.

"ఎవరూ చెప్పలేదు. ఏటి మీద ఎగిరి నేనే చూసొచ్చాను," అంది కాకి గర్వంగా.

అయినా దూది, తనూ ఒకసారి చూసొద్దామని అప్పటికే నీటి అంచుకు గెంతింది.

నీతి: పదిమంది అన్నంత మాత్రాన మాట నిజమైపోదు, అది ఎక్కడ పుట్టిందో వెతికి, ఎవరి మాటను వాళ్ల పేరుతోనే చెప్పాలి.