సోమయాజులుగారి భేష్

శిష్యుడు ప్రశ్న వేస్తే నోటితో జవాబు చెప్పే అలవాటు వయొలిన్ టీచరు సుభద్రమ్మగారికి లేదు. ఏదో ఒక పని పురమాయిస్తారు. జవాబు ఆ పనిలోనే ఎక్కడో ఉంటుంది. దొరికిందా మన అదృష్టం.

ఆ ఆదివారం పొద్దున్న కూర్మనాథం చెప్పులు విడుస్తూనే అడిగేశాడు. "టీచరుగారూ, నిన్న కచేరీలో ఆ అమ్మాయి చెల్లో మీద వాయించింది చూడండి, అదసలు సంగీతమేనాండీ?"

"లోపల మాస్టారికి కాఫీ ఇచ్చి రా" అన్నారావిడ.

నిన్నటి సంగతి తలచుకుంటే అతనికి ఇంకా ఒళ్లు మండుతోంది. ఏదో కొత్త రచనట. పక్కవాద్యం లేదు. ఆ పిల్ల అంత పెద్ద వాద్యాన్ని మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని కమానుతో ఒకసారి గీరుతుంది, ఒకసారి ఊపిరి వదిలినట్టు రాస్తుంది. కూర్మనాథం తొడ మీద ఆదితాళం వేసి చూశాడు, కుదరలేదు. మిశ్రచాపు వేశాడు, అదీ తప్పింది. ఇన్నేళ్లు నేర్చుకున్నవాడికి తాళం దొరక్కపోవడమా! సరిగ్గా అప్పుడే ఎక్కడో కిర్రుమంది. "ఆ తలుపు బందులకి కాస్త నూనె పొయ్యండ్రా బాబూ!" అన్నాడు పైకే. ఆ వరసంతా గొల్లున నవ్వింది. నిజం చెప్పాలంటే, అప్పుడు అతనికి భలే గర్వంగా అనిపించింది.

మాస్టారంటే సోమయాజులుగారు, టీచరుగారి భర్త. ఒకప్పుడు ఊళ్లో ఏ కచేరీ అయినా ఆయన "భేష్!" అంటేనే విద్వాంసుడి మొహం విప్పారేది. పక్షవాతం వచ్చి ఆర్నెల్లయింది. అప్పట్నించీ మాట కాదు కదా, మూలుగైనా లేదు. కూర్మనాథం కాఫీ గ్లాసు పట్టుకుని వెళ్లేసరికి ఆయన పై కండువా గట్టిగా నోటికి అదుముకుని, మొహం గోడవైపు తిప్పేసుకున్నారు.

"ఏమైందండీ?" అన్నాడు కంగారుగా.

గుమ్మంలోంచి సుభద్రమ్మగారన్నారు: "నిన్న నీ వెనక వరసలో ఉన్నాం. ఆర్నెల్ల తరవాత ఆయన నోరు పెగిలింది. ఆ అమ్మాయికి భేష్ చెప్పారు. నువ్వు నూనె పొయ్యమన్నావు."

కూర్మనాథానికి తల కొట్టేసినట్టయింది. "అయ్యో, మిమ్మల్ని కాదండీ మాస్టారూ! చెల్లో అనుకుని, ఆ అమ్మాయిని..." అంటూ ఆగిపోయాడు. ఆ అమ్మాయినైతే అనొచ్చా? మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఛీ, ఏం మనిషిని అనుకుంటూ గ్లాసు కింద పెట్టి నేల మీద చతికిలబడ్డాడు.

"మాస్టారూ, నాకు వినడం చేతకాలేదు. ఇంకోసారి అనండి" అన్నాడు.

కాఫీ మీద మీగడ కట్టింది. తరవాత ఆయన నోటి మీది కండువా కొంచెం జారింది. ఆయన గొంతు కిర్రుమంది; ఆగింది; గాలి ఒక్కటే వచ్చింది; మళ్లీ గీరుకుంది. నిన్న హాల్లో ఆ చెల్లో మీద విన్నది సరిగ్గా అదే.

కూర్మనాథం ఉండబట్టలేక, క్షమించండంటూ ఆయన కాళ్ల మీద పడబోయాడు. సుభద్రమ్మగారు అతని భుజం పట్టుకుని ఆపారు.

"ఉండు నాయనా. ఆయన ఇంకా పూర్తి చెయ్యలేదు."