మొదటి తాంబూలం ఎవరికి

కాళ్లు ముడుచుకో చిట్టీ, దుప్పటి నా మీదికి కూడా కాస్త రానీ. ఊఁ కొడుతూ ఉండాలి సుమా. నువ్వు ఊఁ కొట్టకపోతే గోడకి చెప్పుకుంటున్నట్టు ఉంటుంది, నాకు నచ్చదు.

అనగనగనగా ఒక ఏరు. ఆ ఏటి ఒడ్డున ఒక ఊరు కాదు, ఊళ్లకి ఊళ్లే. అన్నిటికీ పెద్ద గజ్జెలకోట. అన్నిటికన్నా కింద, పల్లంలో ఉండేది పల్లపాడు. ఆ పల్లపాట్లో నాంచారమ్మ అని ఒకామె ఉండేది. ఆమెకి తమలపాకుల తోట ఉండేది. అవిసె చెట్లకి తీగెలు పాకించి, పసిబిడ్డల్ని సాకినట్టు సాకాలి వాటిని. ఎండ ఎక్కువైతే చస్తాయి, నీళ్లు నిలిస్తే చస్తాయి. వాళ్లమ్మ వేసిన తోట అది. నాంచారమ్మకి ముందూ వెనకా ఎవరూ లేరు, ఆ తోటే ఉంది.

ఏటికీ ఊళ్లకీ మధ్య ఒక మట్టికట్ట. ఏటా వానలు పడకముందే అన్ని ఊళ్లవాళ్లూ వచ్చి, తట్టలతో మట్టి మోసి, ఆ కట్టని గట్టి చేసుకోవాలి. లేకపోతే ఏరు పొంగి ఊళ్ల మీద పడుతుంది. ముందు మునిగేది పల్లపాడు. పల్లపాట్లో ముందు మునిగేది నాంచారమ్మ తోట, అది కట్టకి ఆనుకునే ఉంది కాబట్టి.

ఆ పనికి ఒక ఆచారం ఉంది. గజ్జెలకోట దొర వచ్చి మొదటి తాంబూలం అందుకోవాలి. ఆయన అందుకునేదాకా ఎవరూ పార ముట్టకూడదు. ముడితే తల పగిలి చస్తారని చెప్పుకునేవాళ్లు. ఆ తాంబూలంలోకి ఆకులు నాంచారమ్మ తోటవే. పళ్లెం పట్టుకుని దొర ముందు నిలబడేదీ నాంచారమ్మే.

ఊరికే పుట్టిన ఆచారం కాదులే. ఆ దొర తాతగారి నాడు గజ్జెలకోట నుంచి బళ్లకి బళ్లు మట్టి వచ్చేది, బళ్ల వెనక జనం వచ్చేవాళ్లు. కట్టలో సగం వాళ్లే పోసేవాళ్లు. దొంగలు పడితే వాళ్లే తరిమేవాళ్లు. ఊరూ ఊరూ కొట్టుకుంటే వాళ్లే మధ్యన నిలబడి విడదీసేవాళ్లు. ఒక్కోసారి తమకి కావాల్సినవాళ్ల వైపు అడ్డగోలుగా తీర్పు చెప్పేవాళ్లు, ఆ సంగతీ చెప్పాలి. అయినా కట్ట నిలిచేది. అందుకని తాంబూలం ముందు వాళ్లకిచ్చేవాళ్లు.

ఆ తర్వాత కొడుకుల కాలం వచ్చింది. ఆ తర్వాత మనవళ్ల కాలం వచ్చింది. బళ్లు తగ్గాయి. తాంబూలం మాత్రం తగ్గలేదు.

వాళ్లని ఎవరు ఓడించారు అమ్మమ్మా అని అడగబోతున్నావు, నీ మొహం చూస్తే తెలుస్తోంది. ఎవరూ ఓడించలేదే. ఎక్కడ గొడవైనా మనుషుల్ని పంపీ పంపీ, ఇంట్లో పనికి మనిషి లేకుండా చేసుకున్నారు. ఉన్న సొమ్మంతా పోసి కోటకి ఉన్న గోడ మీద ఇంకో గోడ కట్టుకున్నారు. కూర్చుని తిన్న నడుములు తట్ట ఎత్తడం మరిచిపోయాయి. ఇక దొరకి ఇద్దరు తమ్ముళ్లు. ఒకడు ఎడ్డెమంటే ఇంకొకడు తెడ్డెం. ఇంట్లో దీపం ఎక్కడ పెట్టాలో కూడా తేల్చుకోలేక రోజంతా అరుచుకునేవాళ్లు. ఇలాంటివి మెల్లగా జరుగుతాయి. పక్కనున్నవాళ్లకి కూడా కనపడవు.

ఇక నేను చెప్పబోయేది మూడేళ్ల సంగతి. మొదటి ఏడు ఏమైందంటే, దొర భూపతిరాయుడు పల్లకీలో వచ్చాడు. పొద్దున్నే రావాల్సినవాడు, సూర్యుడు నెత్తి మీదికెక్కాక వచ్చాడు. నేల మీద కాలు పెట్టలేదు. వాళ్ల వంశంలో దొర నడిస్తే నామర్దా. పల్లకీలోంచి చెయ్యి చాపి, వేలి కొసతో పళ్లెం ముట్టుకుని, ఆకులు పల్లకీలో పక్కన పెట్టించుకున్నాడు. ఆకు నోట్లో పెట్టుకోలేదు. ఏ ఏడూ పెట్టుకోడు. నాంచారమ్మ ఏరి ఏరి కోసిన ఆకులు పల్లకీలో ఓ మూల పడి వాడిపోయేవి. అది ఆమె చూసింది కూడాను. అయినా, "మా తోట ఆకు దొర ముట్టాడు" అని ఊరంతా చెప్పుకుని మురిసిపోయింది. ఆ మిగిలిన సగం పొద్దులో ఎంత మట్టి పడితే అంతే పడింది.

రెండో ఏడు దొర రాలేదు. దొర కత్తి వచ్చింది.

నవ్వుతావేమే? పెద్దవాళ్లు రాలేకపోతే కత్తిని పంపడం ఆ కాలంలో ఉండేది. కత్తి పక్కన పెళ్లికూతుర్ని కూర్చోబెట్టి పెళ్లిళ్లే చేసేశారు, తాంబూలం ఎంత? పట్టుగుడ్డ మీద కత్తి పెట్టుకుని ఇద్దరు మనుషులు వచ్చారు. నాంచారమ్మ కత్తి ముందు పళ్లెం పెట్టింది. ఒరలోంచి పట్టుగుడ్డ మీద ఇంత తుప్పు రాలింది. చూసీ చూడనట్టు ఊరుకుంది. ఆ ఇద్దరూ పార పట్టలేదు, వాళ్ల చేతుల్లో కత్తుంది కదా మరి.

ఆ ఏడు కట్ట కింది నుంచి నీళ్లు ఊరి, తోటలో ఒక మూల తీగెలు కుళ్లిపోయాయి. "వచ్చే ఏడు మనమే మొదలుపెడదాం" అని పల్లపాటివాళ్లు అన్నారు. వాళ్ల మీద విరుచుకుపడింది ఎవరనుకున్నావు? నాంచారమ్మే. "దొర ముట్టని కట్ట నిలుస్తుందా? నోళ్లు కడుక్కోండి" అంది. తెలివితక్కువ మాటే. కానీ పాపం, ఏడాదికోసారి ఆ పళ్లెం పట్టుకుని నిలబడడం ఒక్కటే ఆమెకున్న గొప్ప.

ఊఁ కొట్టు. పడుకున్నావా? సరే.

మూడో ఏడు వానలు తొందరపడ్డాయి. కట్ట పని మొదలుకాకముందే ఏరు ఎర్రగా వచ్చేసింది. తెల్లారేసరికి అన్ని ఊళ్లవాళ్లూ తట్టలూ పారలూ పట్టుకుని కట్ట దగ్గర నిలబడ్డారు. దొర లేడు. కత్తి కూడా లేదు. కట్టకి సరిగ్గా నాంచారమ్మ తోట పక్కనే బుంగ పడింది. మొదట పిడికెడంత. అందులోంచి నీళ్లు బుడబుడమంటూ తోటలోకి వస్తున్నాయి. అంతమందీ చూస్తున్నారు, ఒక్కరూ మట్టి వెయ్యరు. తాంబూలం కాలేదుగా.

అప్పుడు నాంచారమ్మ పళ్లెం చేత్తో పట్టుకుని గజ్జెలకోటకి పరిగెత్తింది. కోట తలుపులు బార్లా తెరిచున్నాయి, కాపలావాడు లేడు. లోపల తమ్ముళ్లిద్దరూ ఆమెకి ఎదురొచ్చారు. "తాంబూలం నాకివ్వు" అన్నాడు ఒకడు. "వాడికిస్తే ఊరుకోను" అన్నాడు రెండోవాడు. వాళ్లని దాటుకుని వెళ్తే, దొర ఒంటరిగా మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"దొరా, కట్టకి బుంగ పడింది. తమరు ఒక్కసారి వచ్చి ముట్టండి, చాలు."

"పల్లకీ మోసే బోయీలు వెళ్లిపోయారు నాంచారమ్మా."

"నడిచి రండి దొరా, దగ్గరే కదా."

ఆయన తన పాదాల వంక చూసుకున్నాడు. ఆ పాదాలు అంత దూరం ఎప్పుడూ నడవలేదు. "మా ఇంట్లో ఎవరూ నడవలేదు" అన్నాడు, సిగ్గుపడుతూ. కోపంగా అని ఉంటే ఆమె బతిమాలేదేమో. సిగ్గుపడేసరికి వెనక్కి తిరిగి వచ్చేసింది.

ఆమె వచ్చేసరికి కట్ట దగ్గర ఇంకో రభస. దొర ఎలాగూ రాడనుకుని, ఆయన చోటు కోసం ఇద్దరు తయారయ్యారు. ఒకడు కొండమూల సింగమనాయకుడు, కర్రసాము చేసే వస్తాదులు వాడి చుట్టూ. ఇంకొకడు ఇసుకపల్లి ఓబుళశెట్టి. ఊళ్లన్నీ వాడి గాదెల్లో ధాన్యమే తింటున్నాయి.

"కండ ఉన్నవాడు కాపాడతాడు. తాంబూలం ఇటు పట్టు" అన్నాడు సింగమనాయకుడు.

"కూడు పెట్టినవాడే కదా పెద్ద? ఇటు తీసుకురా" అన్నాడు శెట్టి.

ఇద్దరి మాటలోనూ కాస్త న్యాయం ఉంది, లేదనను. కానీ ఒక్కడూ బుంగ వైపు చూడలేదు. ఆ పక్కనుంచి ఒకడు పళ్లెం లాగాడు, ఈ పక్కనుంచి ఇంకొకడు లాగాడు. పళ్లెం బోర్లాపడి ఆకులన్నీ బురదలో పడ్డాయి.

నాంచారమ్మ వంగి ఒక్కో ఆకూ ఏరుకుంది. ఏరుతూ ఏరుతూ తోట వైపు చూసింది. బుంగ తట్టంత అయింది. కట్ట పక్క వరసల్లో నీళ్లు మోకాటి లోతు వచ్చేశాయి. వాళ్లమ్మ పాతిన అవిసె చెట్టు ఒకటి మెల్లగా పక్కకి వాలింది. అప్పుడు ఆమెకి ఒళ్లు మండింది. ఇంతసేపూ ఇది దొర ఆచారం, పెద్దల ఆచారం అనుకుంది. ఆ ఆకులు మాత్రం ఎవరివి?

పైటకొంగుతో ఆకులు తుడిచి, పళ్లెంలో పెట్టి, ఆ పళ్లెం తీసుకెళ్లి బుంగ పక్కన కట్ట మీద పెట్టింది.

"నా ఆకులివి. నా తోటవి. ముందు ఎవరు తట్టెడు మట్టి ఇక్కడ వేస్తే వాళ్లకి మొదటి తాంబూలం. రెండో తట్టకి రెండోది. తలకాయ పగిలితే నా పూచీ" అంది.

ఎవరూ కదల్లేదు. సింగమనాయకుడు శెట్టి వంక చూశాడు, శెట్టి వాడి వంక చూశాడు. తల పగులుతుందన్న భయం ఇద్దరికీ ఉంది.

అప్పుడు జనంలోంచి ఒకడు ముందుకొచ్చాడు. వాడి పేరు బసివయ్య. వీరుడూ కాదు, శూరుడూ కాదు. ఆకూ వక్కా లేందే పూట గడవని మనిషి. తెల్లవారుజాము నుంచి నోట్లో ఆకు పడక వాడికి నాలుక పీకుతోంది. చేతికందిన తట్టలో మట్టి నింపాడు, తీసుకెళ్లి బుంగలో పోశాడు, వచ్చి పళ్లెంలోంచి రెండాకులు తీసుకుని, నాంచారమ్మ చేత వక్కా సున్నం పెట్టించుకుని నోట్లో కుక్కుకున్నాడు. అందరూ వాడి తల వంకే చూస్తున్నారు.

బసివయ్య నమిలాడు. నమిలాడు. పక్కకి తిరిగి ఉమ్మాడు. "సున్నం తక్కువైంది నాంచారమ్మా" అన్నాడు.

అంతే. జనం ఒక్కసారిగా కట్ట మీద పడ్డారు. పల్లపాటివాళ్లు పోశారు, ఇసుకపల్లివాళ్లు పోశారు, కొండమూల వస్తాదులు కూడా కర్రలు పారేసి పారలు పట్టారు. సింగమనాయకుడు కాసేపు మూతి ముడుచుకుని నిలబడి, ఎవరూ తనని చూడడం లేదని తెలిశాక తట్ట ఎత్తాడు. శెట్టి ఒక తట్ట మోసి నడుం పట్టుకుని కూర్చున్నాడు, అదీ తాంబూలం తీసుకున్నాకే. సాయంత్రానికి బుంగ పూడింది. కట్ట పక్క వరసలు మాత్రం దక్కలేదు చిట్టీ. వాళ్లమ్మ పాతిన చెట్టూ దక్కలేదు. మిగిలిన తోట నిలిచింది, ఊరు నిలిచింది.

అప్పుడు పొద్దువాలే వేళ, తట్టలు మోసేవాళ్ల వరసలో చిట్టచివర ఒక ముసలాయన కనిపించాడు. పాదాలు చీరుకుపోయి రక్తం కారుతున్నాయి. నెత్తిన తట్ట, తట్టలో సగమే మట్టి. భూపతిరాయుడు.

ఎవరూ పక్కకి తప్పుకోలేదు. ఎవరూ వెళ్లగొట్టనూ లేదు. ఆయన వంతు వచ్చేదాకా నిలబడ్డాడు, వంతు వచ్చాక మట్టి పోశాడు. పోసి నాంచారమ్మ దగ్గరికి వచ్చాడు. పళ్లెంలో ఒక్క ఆకే మిగిలింది, అదీ అంచు చిరిగింది. అయ్యో, మంచి ఆకు ఒకటి దాచి ఉంచాల్సింది అనుకుంది. ఉన్నదానికే సున్నం రాసి, వక్క పెట్టి ఇచ్చింది.

ఆయన రెండు చేతులూ చాపి తీసుకున్నాడు. ఇన్నేళ్లూ వేలి కొసతో ముట్టి పక్కన పెట్టినవాడు, ఆ రోజు నోట్లో పెట్టుకుని నమిలాడు.

"బాగుంది. ఎప్పుడూ ఇలాగే ఉండేదా?" అని అడిగాడు.

"ఇలాగే ఉండేది దొరా" అంది నాంచారమ్మ. "రేపు కూడా పనుంది."

"వస్తాను" అన్నాడు.

వచ్చాడా అంటే, వచ్చాడు. కాళ్లు బాగున్న రోజుల్లో వచ్చాడు.

ఇంతకీ ఆ తర్వాత పెద్ద ఎవరయ్యారంటావా? అది నన్నడిగితే ఏం చెప్పను? ఓ ఏడు కొండమూలవాళ్లు ముందు మోశారు, ఓ ఏడు పల్లపాటివాళ్లు. ఒక ఏడు ముందు నువ్వంటే నువ్వని మధ్యాహ్నం దాకా కొట్టుకున్నారు, ఆ ఏడు మళ్లీ నీళ్లొచ్చాయి. శెట్టి కొడుకు అప్పుడప్పుడూ పల్లకీ బేరమాడుతున్నాడని కూడా విన్నాను. నాంచారమ్మ మాత్రం ఏటా పళ్లెం కట్ట మీదే పెడుతుంది, సున్నం కాస్త ఎక్కువ పెట్టి. ముందొచ్చిన తట్టకే ముందాకు.

ఏమే, ఊఁ లేదు. నిద్దరొచ్చిందా? సరే, చివరి పాట నేనొక్కదాన్నే పాడుకుంటాను.

ఆకూ ఆకూ ఎవరికి?
తట్ట మోసిన వారికి.
కట్టా కట్టా ఎవరిది?
దాని కింద బతికే వారిది.
పల్లకీ ఏ మూల పడె?
బోయీ ఏ ఊరు చేరె?
కథ కంచి దారి పట్టె,
చిట్టి కంట కునుకు పట్టె.