గాజుల ఓబులమ్మ కొసరు

పిల్లలూ, మనం ఉంటున్న ఈ దూరపు ఊళ్లో గాజులు అంగడిలో అద్దాల వెనక ఉంటాయి. కొనుక్కుని ఎవరికి వాళ్లే తొడుక్కుంటారు. అందుకే ఓబులమ్మ కథ మీ చెవిన పడలేదు. దగ్గరికి జరగండి. అబ్బాయిలూ, మీరు కూడా.

కొండ ఇంకా ఎత్తుగా, ఏరు ఇంకా వెడల్పుగా ఉన్న కాలంలో గాజులమ్మే ఓబులమ్మ ఉండేది. భుజాన మలారం, అంటే గాజుల మూట, వేసుకుని ఏటికి అటూ ఇటూ ఊరూరా తిరిగేది. అరుగు మీద కూర్చుని, ఆడవాళ్ల చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని, వేళ్లు మెత్తగా నొక్కుతూ గాజులు ఎక్కించేది. చివర ఒక గాజు కొసరు వేసేది. అది గాజులమ్మేవాళ్ల మర్యాద.

ఒక ఏడు పండగకు తన చెల్లెలు చెన్నమ్మకు తొడుగుతుంటే, కుడిచేతికి ఎక్కిన గాజు ఎడమచేతికి ఎక్కలేదు.

"ఏమే, ఒక్క చెయ్యే ఒళ్లు చేసింది! మీ ఆయన ఆ చేతికే నెయ్యి పోస్తున్నాడా?" అని నవ్వింది ఓబులమ్మ. చెన్నమ్మా నవ్వింది. ఓబులమ్మ కొంచెం పెద్ద గాజు వెతికి తొడిగింది.

మళ్లీ ఏడు పండగకు గాజులు తొడుగుదామంటే చెన్నమ్మ లేదు. రొమ్ములో గడ్డ. నొప్పి లేదు కదా అని ఊరుకుంది. సిగ్గుపడి దాచుకుంది. చెయ్యి వాచే వేళకే ఆలస్యమైపోయింది. అప్పట్లో దాన్ని రాచపుండు అనేవాళ్లు, అదీ గొంతు తగ్గించి. మనం క్యాన్సర్ అంటున్నాం.

అప్పటి నుంచి ఓబులమ్మ కొసరు గాజు వేశాక కూడా చెయ్యి వదిలేది కాదు. చెవి దగ్గరికి వంగి చెప్పేది.

"గాజుల మీద కొసరు గాజు. గాజు మీద కొసరు నా మాట. అప్పుడప్పుడూ నీ రొమ్ము నువ్వే తడిమి చూసుకో తల్లీ. గడ్డ తగిలితే నొప్పి లేదని ఊరుకోకు. సిగ్గని దాచకు. పట్నం ఆసుపత్రికి పో. అన్ని గడ్డలూ చెడ్డవి కావు. ఏది చెడ్డదో మన వేళ్లకు తెలీదు."

మొదటి ఊళ్లో నవ్వారు. "ఓబులక్కా, వైద్యం ఎప్పుడు నేర్చావు?" అన్నారు.

రెండో ఊళ్లో చెవులు మూసుకున్నారు.

మూడో ఊళ్లో తిమ్మక్క ఉంది. పెద్దింటి మనిషి, నలుగురు కోడళ్ల అత్త. భర్త పోయి చాలా ఏళ్లు. కోడళ్లు గాజులు తొడిగించుకుంటుంటే తలుపు వార నిలబడి చూసేది.

"శుభమా అని గాజులు తొడుగుతా ఆ పాడు మాటలేందే? ఇంకోసారి నోరెత్తావంటే నీ మలారం వీధిలో పోస్తా!" అని విరుచుకుపడింది.

పెద్దింటి మాట ఊళ్లన్నీ పాకింది. ఓబులమ్మ కనబడితే తలుపులు మూసేవాళ్లు. పొయ్యి మీదికి కుండ ఎక్కని రోజులు వచ్చాయి.

"ఆ మాట మానెయ్యరాదా? గాజులమ్ముకుని బతుకుదాం," అన్నాడు మొగుడు.

"చెన్నమ్మ చెయ్యి ఇంకా నా ఒళ్లోనే ఉన్నట్టుందయ్యా," అంది ఓబులమ్మ. మలారం ఎత్తుకుని మళ్లీ ఆ మూడో ఊరికే బయలుదేరింది.

పొద్దున పిలిచింది. ఎవరూ రాలేదు. మిట్టమధ్యాహ్నం పిలిచింది. ఎవరూ రాలేదు. పొద్దు వాలుతుండగా ఏటి గట్టున నిలబడి పిలిచింది. అటూ ఇటూ చూసుకుంటూ తిమ్మక్క వచ్చింది. పక్కన కూలబడి చెయ్యి చాపింది. బోసి చెయ్యి.

ఓబులమ్మ తెల్లబోయింది. "నీకేం తొడగను తిమ్మక్కా?"

"గాజులు నాకెక్కడివే? కొసరైనా ఇస్తావా?"

ఓబులమ్మకు అప్పుడు తట్టింది. ఇన్నాళ్లూ గాజులు తొడిగించుకునే చేతులకే చెప్పింది. బోసి చెయ్యి ఒక్కటీ పట్టుకోలేదు.

ఆ చేతిని ఒళ్లోకి తీసుకుంది. గాజులు ఎక్కిస్తున్నట్టే వేళ్లు మెత్తగా నొక్కింది. కొసరు మాట మొత్తం చెప్పింది.

"ఉందే," అంది తిమ్మక్క. "శనగ గింజంత. నిన్ను తిట్టిన నోటితో ఎట్లా అడిగేదని ఆగినా."

"తెల్లారి బండి కట్టించు. నేనూ వస్తా."

పట్నంలో కోసి తీశారు. తిమ్మక్క చాన్నాళ్లు మంచం మీదే ఉంది. ఆ తర్వాత లేచింది. లేచి, ఓబులమ్మ వెంట నడిచింది. ఓబులమ్మ గాజులు తొడిగేది. తిమ్మక్క తలుపు వార నిలబడ్డ బోసి చేతులను లాక్కొచ్చి కూర్చోబెట్టేది. మాట వినకపోతే తిట్టేది. నిజం చెప్పాలంటే, ఆ తిట్లే బాగా పనిచేశాయట.

ఓబులమ్మ ముసలిదై కన్నుమూసింది. గుడి కట్టలేదు, రాయి పాతలేదు. కానీ ఆ ఏటి ఒడ్డు ఊళ్లలో ఇప్పటికీ గాజులమ్మ అరుగెక్కితే, ముందుగా ఒక బోసి చేతిని ఒళ్లోకి తీసుకుంటుంది. చివరి గాజు పడగానే ఆడవాళ్లు, "ఓబులమ్మ కొసరు ఏదమ్మా?" అని అడుగుతారు. ఆ మాట చెప్పకుండా ఆమె లేవదు.

పిల్లలూ, మనం ఉండే చోట ఆ అరుగుల్లేవు. వీధిలో పిలుస్తూ వచ్చే గాజులమ్మ లేదు. కాబట్టి మీరే చెప్పాలి. మీ స్నేహితులకు చెప్పండి, రేపు మీ పిల్లలకు చెప్పండి. ముందు మాత్రం, తలుపు వార ఎవరు నిలబడ్డారో చూసి, వాళ్ల చెయ్యి పట్టుకోండి.