అమ్మవారి చీరలో పిల్లి జాడ

పేకవరం పడుగులమ్మ తల్లి గుడికి వచ్చే భక్తులు ముందుగా అడిగేది అమ్మవారి చీర సంగతే. జాతరనాడు కట్టే ఆ ఎర్రచీరలో, కుచ్చిళ్ల అడుగున, కుడిపాదం దగ్గర అడ్డంగా ఒక సన్నని గీత కనిపిస్తుంది. అది నేతలో తప్పే. తప్పని తెలిసే ఏటేటా నేస్తారు. దానిని ‘పిల్లి జాడ’ అంటారు.

పూర్వం ఇక్కడ గురవమ్మ అనే నేతగత్తె ఉండేది. భర్త పోయాక జాతర చీర నేసే హక్కు ఆమె చేతికి వచ్చింది. గంజి పెట్టిన నూలంటే ఎలుకలకు ప్రాణం కనుక ఆమె ఒక బూడిదరంగు పిల్లిని తెచ్చి పెంచుకుంది. బూడిది అని పిలిచేది. ఎలుకలు పట్టడం దానికి తీరిక దొరికినప్పటి పని. అసలు పని, మగ్గం గుంటలో గురవమ్మ కుడికాలి పక్కన చేరి నిద్రపోవడం. నిద్రలో అది తొక్కుడు చెక్క మీదికి దొర్లినప్పుడల్లా ఆమె కాలు ఎత్తి, “జరగవే మహారాణీ” అనేది. అది ఒళ్లు విరుచుకుని జరిగి, కాసేపటికి మళ్లీ అక్కడికే వచ్చేది.

ఒక ఏడు జాతర దగ్గరపడుతుండగా బూడిది తిండి మానేసింది. పసరు పోసినా, పాలు వేలితో నాకించినా కడుపులో నిలవలేదు. చివరికి ఆ మగ్గం గుంటలోనే, తన చోటులోనే కన్నుమూసింది. గురవమ్మ కన్నబిడ్డ పోయినట్టు ఏడ్చింది. ఊరు కొంత జాలిపడింది, కొంత నవ్వింది. జాతర ఆగదు కనుక మర్నాడే ఆమె మగ్గంలో కూర్చుంది.

చీర పూర్తయ్యాక కులపెద్ద వీరన్న దానిని వెలుతురుకు పట్టి చూశాడు. ఒకచోట రెండు పోగులు ఒకే సందులో పడి గీత తేలింది.

“ఏందమ్మా ఇది? తల్లికి తప్పుచీర కడతామా?”

“బూడిది పోయిందని నాకు తెలుసు మామా. నా కాలికే ఇంకా తెలవలేదు” అంది గురవమ్మ. నేసేటప్పుడు చెక్క తొక్కబోయి, అక్కడ పిల్లి ఉందన్న అలవాటుతో కాలు ఎత్తేసింది. చేయి మాత్రం ఆగక, అడ్డపోగు నడిపే నాడెను విసిరింది.

మరొకటి నేయమని, లేకుంటే హక్కు వేరే ఇంటికి పోతుందని వీరన్న చెప్పాడు. ఆమె ఒళ్లు దగ్గర పెట్టుకుని నేసింది. చీర ముగియవచ్చిన వేళ కాలు మళ్లీ లేచింది, మళ్లీ గీత పడింది. ఆ చీరను గుడి మెట్టు మీద పెట్టి, “ఇంక నా వల్ల కాదు తల్లీ, నీ హక్కు ఎవరికి ఇచ్చుకుంటావో ఇచ్చుకో” అని చెప్పి ఇంటికి వెళ్లిపోయింది.

ఆ రాత్రి అమ్మవారు వీరన్నకు కలలో కనిపించింది. “వీరన్నా, గుళ్లో రాతినేల చల్లగా ఉంటుంది. నీకు తప్పు కనబడిన చోట నా కాలికి వెచ్చగా ఉంది. మెట్టు మీదున్న ఆ చీరే కట్టు” అని పలికింది. తెల్లవారగానే వీరన్న గురవమ్మ గుమ్మం దగ్గరికి వెళ్లి, హక్కు నీదేనమ్మా అని చెప్పి, ఆమెను గుడికి పిలుచుకొచ్చాడు. చీర కడితే గీత సరిగ్గా తల్లి కుడిపాదం పక్కన పడింది. గురవమ్మ అక్కడ చేయి పెట్టి, మనసారా ఏడ్చి, తేరుకుంది.

నేటికీ పెంచుకున్న పిల్లినో, కుక్కనో, దూడనో పోగొట్టుకున్నవారు వచ్చి ఆ గీతను వేలితో తాకుతారు. పోయినది తిరిగి వస్తుందని ఇక్కడ ఎవరూ చెప్పరు. మనసు కుదుటపడుతుందని మాత్రం నమ్మకం. జాతర చీర నేసేవారు ఆ చోటికి రాగానే కుడికాలు ఎత్తి, “జరగవే మహారాణీ” అంటారు. కాలు పైనే ఉంచి ఒకసారి నాడె విసిరి, బూడిది జరిగేదాకా అన్నట్టు ఆగి, ఆ తర్వాతే చెక్క తొక్కుతారు.