మూతి వాసన చూసే అమ్మ

ఇప్పపూలు రాలే రోజులొస్తే ఆ అడవిలో సగం మంది కాళ్ళు మత్తుకి నేల మీద నిలవవు. అక్కడే ఒక గుహలో బొంతక్క అనే ఎలుగుబంటి, ఆమె కొడుకు దుబ్బు ఉండేవాళ్ళు. దుబ్బుకి మూడో ఏడు. ఎలుగుబంట్ల లెక్కలో మీసాలొచ్చే వయసన్నమాట. మొన్నటిదాకా తల్లి వీపెక్కి ఊరేగినవాడు ఇప్పుడు ఆమె పక్కన నడవాలన్నా నామోషీ పడుతున్నాడు.

బొంతక్కకో అలవాటుంది. సాయంత్రం కొడుకు ఇల్లు చేరగానే మూతికి మూతి ఆనించి వాసన చూస్తుంది. "ఇవాళేం తిన్నావు? ఎవరితో తిరిగావు?" అని అడుగుతుంది.

"అబ్బా, నేనేమన్నా చంటిపిల్లాణ్ణా?" అని వాడు విసుక్కుంటాడు. ఆవిడ మాత్రం మానదు.

ఆ విసుగు పైడయ్య అనే నక్క కంటపడింది. పైడయ్య గద్దబండ అనే ఎత్తైన రాతి కింద ఉన్న గుంటలో ఇప్పపూలు నానేసి పులియబెడతాడు. కుర్రాళ్ళకి పోసి, మత్తెక్కాక గద్దబండ మీది తేనెపట్టుకి ఎక్కిస్తాడు. తేనె వస్తే తనది, పడితే నడుం వాళ్ళది. నిరుడు అలా ఎక్కిన ఓ కుర్ర ఎలుగు ఇప్పటికీ మూడు కాళ్ళ మీదే కుంటుతున్నాడు. ఏమైందిరా అని వాణ్ణి అడిగిన దిక్కు లేదు.

"అల్లుడూ, ఒక్క గుక్క వెయ్యి. పులి గుండె వస్తుంది!" అన్నాడు పైడయ్య.

"అమ్మ వాసన పట్టేస్తుంది మావా."

"కాస్త నిమ్మగడ్డి నమిలి వెళ్ళరా. మీ అమ్మని ఏమార్చడం ఎంతసేపు!"

దుబ్బు తాగాడు. రేపు గద్దబండ ఎక్కుతానని మాట కూడా ఇచ్చేశాడు.

సాయంత్రం బొంతక్క మూతి వాసన చూసింది. నిమ్మగడ్డి! చెదపురుగులూ పళ్ళూ తినే వంశంలో గడ్డి మేసినవాడు ఇంతవరకు పుట్టలేదు. ఏదో వాసన దాచడానికే నమిలాడని ఆవిడ కనిపెట్టేసింది. అరిచిందా? లేదు. కొట్టిందా? అదీ లేదు. "పదరా, చెదలపుట్ట తవ్వుదాం" అంది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తవ్వారు. మూడో పుట్టకి వాడి కడుపు నిండింది. నాలుగో పుట్టకి జరిగిందంతా చెప్పేశాడు.

"సరే, రేపు వెళ్దాం. నేనూ వస్తా."

"అమ్మా! నువ్వొస్తే నా పరువేం కావాలి?"

"నడుం మిగిలితే పరువు సంగతి తర్వాత చూద్దాం. నాకు భయంగా ఉందిరా నాయనా."

ఆ మాటకి వాడు తల్లి పక్కకి ఇంకాస్త జరిగాడు.

మర్నాడు తల్లీకొడుకుల్ని కలిపి చూడగానే పైడయ్య తోక కాళ్ళ మధ్యకి పోయింది.

"ఏం తమ్ముడూ, ఇది తాగితే పులి గుండె వస్తుందటగా?" అంది బొంతక్క.

"అంటే... అవునక్కా."

"మరింకేం! ముందు నువ్వు తాగి ఎక్కు. మావాడు చూసి నేర్చుకుంటాడు."

"నేనా? అమ్మో, నాకు పడదక్కా! తల తిరుగుద్ది, కాలు జారుద్ది..."

అనేసి నాలిక కరుచుకున్నాడు.

"నీకైతే తల తిరుగుద్ది, నాకైతే ధైర్యం వస్తుందా మావా?" అన్నాడు దుబ్బు.

కుర్రాడి ముందు తేలిపోయేసరికి పైడయ్యకి పౌరుషం పొడుచుకొచ్చింది. "చూడు మరి!" అని నాలుగు గుక్కలు లాగించి బండ ఎక్కాడు. ఎక్కడమంటే ఎంత, నాలుగంటే నాలుగడుగులు. జర్రున జారి, తన గుంటలో తానే దబ్బున పడ్డాడు. బొంతక్క వాడి తోక పట్టి బయటికి లాగి, బారెడు గోళ్ళతో మట్టి తోసి ఆ గుంట పూడ్చేసింది.

దుబ్బు తలెత్తి గద్దబండ కొసకేసి చూశాడు. "అమ్మా, నేనైతే పైదాకా ఎక్కేవాణ్ణే. అక్కణ్ణుంచి పడేవాణ్ణి" అన్నాడు. అక్కడే చతికిలబడ్డాడు.

బొంతక్క వీపు వంచింది. "ఎక్కు, ఎవరూ చూడట్లేదులే."

అంత కొడుకుని మోస్తే మూలుగు రాదూ? వచ్చింది. మూలుగుతూనే ఇంటిదాకా మోసింది.

మర్నాటి సాయంత్రం దుబ్బు గుహలోకి వస్తూనే తనే మూతి చాపాడు. "త్వరగా చూడమ్మా, ఆకలేస్తోంది."

బొంతక్క వాసన చూసి తలెత్తేసరికి వాడి వెనకాలే ఇంకో మూతి. ఎవరూ పిలవకుండానే ఆ మూడు కాళ్ళ కుర్రాడు కుంటుకుంటూ వచ్చి వరసలో నిలబడ్డాడు.

రోజూ పక్కన కూర్చుని అడిగేవాళ్ళున్న ఇంటి పిల్లల దగ్గర నక్కల ఆటలు సాగవు.