కండెల నాంచారమ్మ తీసిన అరుగు

అనగనగా అనగానే కళ్ళు మూసేసేవాళ్ళున్నారు ఇక్కడ. నాకు తెలుసు. మూయకండి. ఇది రాజుగారి కథ కాదు, రాకుమారి కథ కాదు, రాక్షసుడి కథ అసలే కాదు. ఒక ముసలమ్మ కథ. ఊ కొట్టేవాళ్ళు కొట్టండి, కొట్టనివాళ్ళు వెళ్ళి పడుకోండి.

ఎప్పుడో, మీ తాతల తాతలకి మీసాలు కూడా రాని రోజుల్లో, ఒక వాగు పక్కన ఒక సాలెపేట ఉండేది. పేటంతా కలిపి ఒకటే వీధి. ఇంటికో మగ్గం. మగ్గమంటే గుంట మగ్గం. నేలలో గుంట తవ్వి, అందులోకి కాళ్ళు దించుకుని కూర్చుని నేసేవాళ్ళు. పొద్దు పొడిచింది మొదలు వీధంతా టకటక, టకటక. ఆ చప్పుడుంటే పొయ్యి మీద కుండ ఉన్నట్టే.

ఆ వీధికి దిగువ కొసన నాంచారమ్మ ఇల్లు. ఇల్లంటే ఒక గది, ఒక చూరు, ముందొక మట్టి అరుగు, అంతే. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. అరుగు మీద రాట్నం పెట్టుకుని పేటందరికీ కండెలు చుట్టేది. నేతగాడి చేతిలో నాడె అటూ ఇటూ పరిగెత్తాలంటే దాని కడుపులో నూలు చుట్టిన కండె ఉండాలి కదా, ఆ కండెలు. పగలంతా చుట్టి, పొద్దు వాలాక బుట్టలో పెట్టుకుని ఇంటింటికీ ఇచ్చి వచ్చేది.

ఎటూ ఇంటింటికీ తిరుగుతుంది కాబట్టి పేట కబుర్లు మోసే పని కూడా ఆమె నెత్తినే పడింది. పేట పెద్దలు కూటం పెట్టి ఏది అనుకున్నా, "నాంచారమ్మా, నువ్వెటూ పోతున్నావుగా, ఇది కూడా చెప్పేసిరా" అనేవాళ్ళు. ఆమె చెప్పేసి వచ్చేది. నోరు మంచిది, గొంతు పెద్దది. ఆమె మాట ఒక ఇంట్లో చెబితే మూడిళ్ళకి వినిపించేది.

ఇప్పుడు అసలు గొడవ చెబుతాను వినండి.

ఆ వీధి ఒకప్పుడు ఎద్దుబండ్లు రెండు ఎదురెదురుగా వచ్చినా ఒరుసుకోనంత వెడల్పుగా ఉండేదట. తాత అరుగు వేసుకుంటూ జానెడు ముందుకు జరిగాడు. తండ్రి మూరెడు జరిగాడు. కొడుకు ఊరుకుంటాడా? బారెడు జరిగాడు. అందరూ జరిగేసరికి వీధి కాస్తా సందు అయింది. వానొస్తే నీళ్ళకి దారి లేదు. దారి లేని నీళ్ళు ఏం చేస్తాయి? గడప దాటి ఇంట్లోకొచ్చి మగ్గం గుంటలో కూర్చుంటాయి.

కిందటి వానాకాలం పేటలో గుంటలు దాదాపు అన్నీ నిండాయి. మగ్గాలు ఆగిపోయాయి. సగం నేసిన బట్ట బూజు పట్టింది. పడుగు పోగులకి పట్టించాల్సిన గంజి మనుషులు తాగి బతికారు. ఆ గంజి కూడా అయిపోయాక కొందరు నీళ్ళు తాగి పడుకున్నారు. నవ్వే మాట కాదు ఇది. "ఇంకొక్కసారి మునిగామంటే మగ్గాలు విప్పి బండికెత్తుకుని ఏ దేశమో పోతాం" అని నలుగురూ అనుకున్నారు. నాంచారమ్మకి గుండె జారిపోయింది. పేట పోతే ఆమె ఎవరికి కండెలు చుడుతుంది? ఎవరి గుమ్మంలో నిలబడి పిలుస్తుంది? ఆమెకున్న చుట్టాలూ పక్కాలూ ఆ వీధే.

అందుకని ఎండాకాలంలో కూటం పెట్టారు. పేట పెద్ద భావనయ్య. ఇల్లు వీధికి నడిమధ్య. ఆయన అరుగు రాతి అరుగు, అందరికంటే ఎత్తు, అందరికంటే ముందుకు. కూటమెప్పుడూ దాని మీదే. ఆ అరుగు మీదే కూర్చుని పెద్దలందరూ అరుగులు తీసెయ్యాలని తీర్మానం చేశారు. నవ్వండి, ఇది నవ్వే మాటే.

తీర్మానం ఏమిటంటే, వీధి పొడుగునా వాగు దాకా ఒక కాలువ తవ్వించాలి. తవ్వేవాళ్ళని పిలిపించి అడిగితే వాళ్ళ మేస్త్రి వీధంతా నడిచి చూశాడు. "దారి తిన్నగా ఉంటే తవ్వుతామయ్యా. వంకర తిరిగితే నీళ్ళు అక్కడే ఆగి మళ్ళా మీ ఇళ్ళల్లోకే వస్తయ్. తొలకరి లోపల ఇళ్ళ ముందు ఖాళీ చేసి పెట్టండి. తొలకరి పడిందంటే మేం చెరువు కట్టల పనికి పోతాం, మళ్ళీ ఏడాది దాకా రాం" అని చెప్పి పోయాడు.

"నాంచారొదినా, ఇంటింటికీ చెప్పేసిరా. ఎవరి అరుగు వాళ్ళు తీసుకోవాలని చెప్పు" అన్నాడు భావనయ్య.

నాంచారమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని బయల్దేరింది.

మొదటి ఇల్లు రత్తయ్యది. "ఒరే రత్తయ్యా, కాలువొస్తోంది, అరుగు తియ్యాలంట!"

"విన్నాం అత్తా, చూస్తాం అత్తా. ముందు ఎదురింటోళ్ళని తియ్యమను."

ఎదురిల్లు తాయారమ్మది. "అమ్మాయ్ తాయారూ, కాలువొస్తోంది, అరుగు తియ్యాలంట!"

"విన్నాం అత్తా, చూస్తాం అత్తా. ముందు భావనయ్య బాబాయిని తియ్యమను."

ఆమె భావనయ్య దగ్గరికే వెళ్ళింది. "మరిదీ, కాలువొస్తోంది, అరుగు తియ్యాలంట!"

"నాకే చెప్తున్నావా వదినా? ఆ మాట అన్నదే నేను! అందరూ తియ్యనీ, అప్పుడు చూద్దాం. నా అరుగు తీస్తే కూటం ఎక్కడ కూర్చుంటుంది? నీ నెత్తి మీదా?"

వీధి పైకొస దాకా వెళ్ళింది, దిగింది. ఒక్క పెళ్ళ కూడా ఊడలేదు.

కొన్నాళ్ళు ఆగి రెండోసారి వెళ్ళింది. ఈసారి బతిమాలింది. కిందటేడు గంజి తాగిన సంగతి గుర్తు చేసింది. "విన్నాం అత్తా, చూస్తాం అత్తా" అన్నాడు రత్తయ్య. "విన్నాం అత్తా, చూస్తాం అత్తా" అంది తాయారమ్మ. గంజి మాట వినగానే ఇద్దరి కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి గానీ, గునపం మాత్రం గోడకే ఆని ఉంది.

నాంచారమ్మ ఇంటికొచ్చి ఉసూరుమంటూ కూర్చుంది. "ఏం మనుషులు! కూర్చున్న చోటు వదలరు కదా" అని తిట్టుకుంది. తిట్టుకుంటూ చూసుకుంటే తను కూర్చున్నది కూడా అరుగు మీదే. ముసలమ్మకి నవ్వాగలేదు. ఒక్కతే కూర్చుని పగలబడి నవ్వింది.

నవ్వు అయ్యాక ఏడుపొచ్చింది. ఆ అరుగు మొగుడు వేసింది. వాగు మట్టి తట్టలతో మోసుకొచ్చి, కాళ్ళతో తొక్కి, "ఇక్కడ కూర్చుని రాట్నం తిప్పుకో, ఎండ తగలదు" అని కట్టి ఇచ్చాడు. అంచున అతని బొటనవేలి గుర్తు కూడా ఉండేది. అది పోతే ఆమెకి రాట్నం పెట్టుకోవడానికి జాగా లేదు, మొగుడిని తలుచుకోవడానికి ఇంకో వస్తువు లేదు. ఎవరికైనా చేతులు వస్తాయా చెప్పండి?

ఆమెకి వచ్చాయి. గునపం అడిగి తెచ్చుకుని, తన అరుగు తనే తవ్వింది. ఎండిన మట్టి రాయి లాగా ఉంది. చేతులు బొబ్బలెక్కాయి, బొబ్బలు చిట్లాయి. అయినా ఆపలేదు. మట్టంతా తట్టలతో తీసుకెళ్ళి వాగు గట్టున పోసి వచ్చింది.

మూడోసారి బయల్దేరింది. ఈసారి నెత్తిన బుట్ట, చంకలో రాట్నం. రత్తయ్య గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. రెండు చేతులూ చాపి చూపించింది, అంతే.

"అయ్యో, ఇదేంది అత్తా!" అన్నాడు రత్తయ్య.

"నా అరుగు పోయిందిరా. కూర్చునే చోటు లేదు. నీది ఉందిగా, ఇక్కడ కూర్చుంటా" అని అతని అరుగు మీద రాట్నం పెట్టింది.

కూర్చుందంటే ఊరికే కూర్చుందా? చెప్పానుగా, గొంతు పెద్దది. రాట్నం తిప్పుతూ పొద్దుటి నుంచీ మాట. కాలువ ఇలా వస్తుంది, నీళ్ళు అలా పోతాయి, నీ గుంట పొడిగా ఉంటుంది, నీ పెళ్ళాం వానలో కూడా పొయ్యి వెలిగిస్తుంది. రత్తయ్యకి అడ్డు చెప్పాలంటే ఆ చేతులు కనపడతాయి. చెప్పకుండా ఉందామంటే చెవులు చిల్లులు పడుతున్నాయి. మర్నాడు పొద్దున్నే అరుగు పీకి పారేశాడు.

ముసలమ్మ రాట్నం ఎత్తుకుని ఎదురింటికి వెళ్ళి చేతులు చాపింది. "వద్దు అత్తా, కూర్చోవద్దు, నేనే తీయిస్తా!" అని తాయారమ్మ లబలబలాడింది. ఆ తర్వాత పని తేలికైపోయింది. రాట్నం వస్తోందంటే చాలు, ఆ ఇంటివాళ్ళు గునపం తీసేవాళ్ళు. కొందరు సిగ్గుపడి తీశారు, కొందరు భయపడి తీశారు, కొందరు పక్కింటివాడు తీశాడని తీశారు. ఎందుకు తీస్తేనేం, వీధి వెడల్పయింది.

ఇక మిగిలింది భావనయ్య అరుగు. ఆయన వరస వేరు. "రా వదినా, కూర్చో. అరుగు పెద్దది, నువ్వెంత?" అని చాప వేయించాడు, మజ్జిగ ఇప్పించాడు. మాటలన్నీ విని, "బాగా చెప్పావు" అని మెచ్చుకున్నాడు. చేతులు చూపిస్తే వెన్న రాయించాడు. అరుగు మాత్రం కదల్లేదు. ఆయన గుంటలోకి నీళ్ళు రావు, ఆ రాయి రానివ్వదు. అవతల కాలువ మేస్త్రి కబురు పంపాడు. "మబ్బు పడుతోంది. దారి తిన్నగా అయిందా లేదా? లేదంటే మేం పోతున్నాం."

సరిగ్గా అప్పుడే భావనయ్య పడుగుకి గంజి పట్టించే వంతు వచ్చింది. పడుగంటే మగ్గం మీద నిలువునా ఉండే పోగులు. వాటిని వీధి పొడుగునా సాగదీసి, కర్రల మీద నిలబెట్టి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెడతారు. ఒక్క ఇంటివాళ్ళ వల్ల అయ్యే పని కాదు. ఎవరి పడుగైనా పేటంతా వచ్చి చెయ్యి వెయ్యాల్సిందే. అందరూ వచ్చారు.

"ఇన్నాళ్ళూ సందులో ముక్కలు ముక్కలుగా చేసుకున్నాం. ఇప్పుడు వీధి వచ్చింది కదా, మన తాతల్లాగా ఒకటే పొడుగు పడుగు వేద్దాం పట్టండి" అంది నాంచారమ్మ.

దిగువ కొస నుంచి తిన్నగా లాక్కుంటూ వచ్చారు. రత్తయ్య ఇల్లు దాటింది. తాయారమ్మ ఇల్లు దాటింది. వచ్చి వచ్చి భావనయ్య అరుగుకి గుద్దుకుంది.

"ఇప్పుడేం చేద్దాం అత్తా?" అన్నాడు రత్తయ్య.

"ఏం చేస్తాం? వంచండి" అంది ముసలమ్మ.

అరుగు చుట్టూ వంచి లాగారు. ఇటువైపు పోగులు బిగుసుకున్నాయి, అటువైపు పోగులు వేలాడాయి. బిగుసుకున్నవి ఒకటొకటిగా పుటుక్కు పుటుక్కున తెగుతున్నాయి. అప్పుడు భావనయ్య కుంచె పట్టుకుని లోపల్నుంచి వచ్చాడు. మొదటి దువ్వు ఆయనదే, పెద్ద కదా. వచ్చి, చూసి, అక్కడే నిలబడిపోయాడు.

సాలెవాడు ఆకలికి ఓర్చుకుంటాడు, అప్పుకి ఓర్చుకుంటాడు. వంకర పడుగుని మాత్రం చూడలేడు. కంట్లో నలుసు పడ్డట్టు ఉంటుంది.

"ఎవడ్రా దీన్ని వంచింది?" అని గర్జించాడు.

నాంచారమ్మ ముందుకొచ్చింది. "మేం తిన్నగానే తెచ్చాం మరిదీ. నీ అరుగు వంచింది."

ఇంకో పోగు తెగింది. ఆ చప్పుడు అందరికీ వినిపించింది. భావనయ్య పడుగు ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. అటు తిన్నగా, ఇటు తిన్నగా, మధ్యలో తన ఇంటి ముందు వంకర. ఆయన ముఖం ఎర్రబడింది. కుంచె కింద పెట్టాడు.

"వదినా, ఇంక కూటం ఎక్కడ కూర్చుంటుంది?"

"వీధిలో కూర్చుంటుంది. వీధి వచ్చిందిగా!"

"గునపం ఎక్కడ?" అన్నాడు భావనయ్య.

ఆడవాళ్ళందరూ పడుగుని దుమ్ము పడకుండా చేతుల మీదికి ఎత్తి పట్టుకున్నారు. పసిపిల్లల తల్లులు కూడా ఒక చేత్తో పిల్లని, ఒక చేత్తో పోగుల్ని పట్టుకున్నారు. మొదటి పోటు భావనయ్యే వేశాడు. తర్వాత మగాళ్ళందరూ కలిసి రాళ్ళు పెకలించారు. పొద్దు వాలేలోగా పడుగు ఆ చోటు మీదుగా తిన్నగా సాగింది. మొదటి దువ్వు దువ్వమని భావనయ్య కుంచె నాంచారమ్మకే ఇచ్చాడు.

తవ్వేవాళ్ళు వచ్చారు, కాలువ తవ్వారు. వానలు వచ్చాయి. వీధి మీద పడ్డ నీళ్ళు కాలువలోకి దిగి, బుద్ధిగా వాగులోకి పోయాయి. ఆ ఏడు మొదటిసారి వానలో పేటకి మగ్గాల చప్పుడు వినిపించింది. పైన వాన, కింద టకటక. నాంచారమ్మ ఏ ఇంట్లో పడితే ఆ ఇంట్లో కూర్చుని కండెలు చుట్టింది. అరుగు పోయిన మనిషికి పేటలో ప్రతి ఇల్లూ సొంతమైంది.

అలా చాలా వానలు చూసి, ఒక ముసురు రోజున తాయారమ్మ ఇంట్లో కన్నుమూసింది. పిల్లలు లేరన్నాను కదా. ఎవరు మోయాలని తగువు పడి, చివరికి ఇంటికొకరు చొప్పున భుజాలు మార్చుకుంటూ మోశారు. భావనయ్య కర్ర ఊతంగా ముందు నడిచాడు. కాలువ వచ్చాక ఏ వానకీ ఆగని మగ్గాలన్నీ ఆ రోజు ఆగాయి. ఎవరూ ఆపమని చాటించలేదు. చాటించే మనిషి అదిగో, పాడె మీద ఉంది.

ఆ పేట ఇప్పటికీ ఉంది. మగ్గాలు తగ్గాయి, సిమెంటు రోడ్డు పడింది, కూటం బదులు సంఘం వచ్చింది. అయినా పేటకి ఏ మంచి పని వచ్చినా, ఇళ్ళు సర్దుకోమని ఎవరు కబురు తెచ్చినా, అక్కడి ఆడవాళ్ళు ఒకటే మాట అడుగుతారు. "ముందు నీ చేతులు చూపించు."

మొన్నామధ్య కుళాయి గొట్టాలు వేస్తారని, ఇళ్ళ ముందు మెట్లు తీసుకోవాలని చెప్పడానికి సంఘం కార్యదర్శి తెల్లచొక్కా వేసుకుని ఇంటింటికీ బయల్దేరాడు. మొదటి గుమ్మంలోనే ఒక ముసలావిడ కళ్ళజోడు సవరించుకుని, "చేతులు చూపించు నాయనా" అంది. ఆయన చేతులు జేబుల్లో పెట్టుకుని వెనక్కి తిరిగాడు.

కాసేపటికి ఆయన ఇంటి ముందు గునపం చప్పుడు మొదలైంది. అది విని వీధిలో తక్కినవాళ్ళు ఎవరి గునపం వాళ్ళు బయటికి తీశారు.