మోకాళ్ళ లేహ్యం

హకీం ఖుద్దూస్ సాబ్ దగ్గర వైద్యం నేర్చుకుంటున్న దస్తగిరికి ఒకటే దిగులు. తన గొప్పతనాన్ని గురువు గుర్తించడం లేదు. ఊరంతా గుర్తించింది, అతనే ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు కాబట్టి.

సంగతి ఓబులమ్మ మోకాళ్ళది. ఏడాదిగా ఆమె గురువు ఇచ్చే లేహ్యం తింటూ, ఆయన్నే తిడుతూ, గోడ పట్టుకుని నడిచేది. దస్తగిరి ఆ లేహ్యంలో పట్నం నుంచి తెచ్చిన తెల్ల మాత్రలు నూరి కలిపాడు. వాపు తగ్గించే మాత్రలవి. మాత్రల సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. వారం తిరక్కుండా ఓబులమ్మ వేరుకాపురం పెట్టిన కోడలితో పోట్లాడటానికి వీధి దాటి నడిచి వెళ్ళింది. ఇంతకంటే రుజువేం కావాలి?

నెలలు గడిచాయి. ఓబులమ్మ మొహం గుండ్రంగా ఉబ్బింది. "నిగారింపు" అన్నాడు దస్తగిరి. ఎన్ని నీళ్ళు తాగినా దాహం తీరడం లేదంది. "ఎండలు" అన్నాడు, మాఘమాసంలో. ఆమె ఒంటికి వెళ్ళిన చోట చీమలు బారు కడుతున్నాయని కోడలు కనిపెట్టింది. అత్త ఆరోగ్యం మీద ఆ పిల్లకున్న శ్రద్ధ అలాంటిది, సాయంత్రానికల్లా మాకందరికీ తెలిసిపోయింది.

గురువు చెవినా పడింది. ఆయన దస్తగిరి చేసిన లేహ్యం వేలితో నాకి చూసి, డబ్బా మూత పెట్టేశాడు.

గురువారం దర్గా చావడిలో పేదలకు అన్నం పెడతారు. ఆ ఒక్క పూటా ఊళ్ళో అందరం పేదలమే. ఆ రోజు పచ్చికట్టెలు పొగ కక్కుతున్నాయి. దస్తగిరి కళ్ళు తుడుచుకుంటూ పొయ్యి ఊదుతున్నాడు.

"పొగ భరించలేకపోతున్నాను బేటా," అన్నాడు గురువు.

"కాస్త ఓర్చుకోండి హజ్రత్. కట్టె అంటుకుంటే అదే పోతుంది."

గురువు లేచి, కడవెడు నీళ్ళు పొయ్యిలో గుమ్మరించాడు. బుస్సుమంది. కాసేపటికి చావడిలో పొగ లేదు.

"చూశావా, ఎంత త్వరగా పోయిందో!" అని గోడకానుకుని కూర్చున్నాడు.

పళ్ళేలు పట్టుకున్న మేము ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

"బియ్యం అయిపోయాయా?"

"గంగాళం నిండా ఉన్నాయి హజ్రత్."

"వీళ్ళకి చాలలేదేమో. ఇంకో బస్తా పోయ్."

"ఎన్ని పోస్తే ఏం లాభం? పొయ్యి..."

"బియ్యం పొర్లిపోతుంటే మాకీ పస్తులేంటి సామీ?" అని అరిచాడు బండి నరసన్న. ఇంట్లో తినే వచ్చాడు, అయినా.

బంతి చివర ఓబులమ్మ చెంబెత్తి గటగటా తాగుతోంది. గాజులు మోచేతి దాకా జారాయి. దస్తగిరికి ఆ చీమల బారు గుర్తొచ్చింది.

"నేను కలిపిన మాత్రలు ఇవాళే ఆపేస్తాను," అన్నాడు చివరికి, మెల్లగా.

"మళ్ళీ తొందరే. ఉన్నపళంగా ఆపినా ముప్పే. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళు. ఏం కలిపావో నీ నోటితో చెప్పు. ఎలా ఆపాలో వాళ్ళు చెబుతారు."

"నా పేరు పోతుంది హజ్రత్."

"మోకాలు అరిచింది, విన్నావు," అన్నాడు గురువు. "లోపల అరవనివి ఎన్నున్నాయో."

దస్తగిరి వెళ్ళి ఓబులమ్మ ముందు కూర్చున్నాడు.

"అవ్వా, పట్నం పోదాం రా. ఆసుపత్రికి."

"మోకాళ్ళు బాగానే ఉన్నాయి కదరా. ఎందుకు?"

మేమంతా చెవులు రిక్కించాం. శ్రమ అనవసరమైంది. దస్తగిరి గొంతు తగ్గించలేదు.